యార్క్‌టౌన్ నుంచి రాయకోటకు

తెలుగు చదివే పిల్లలకూ యువకులకూ అమెరికా చరిత్ర కొత్త సరుకేమీ కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్రనూ శాస్త్రాలనూ తెలుగులో చెప్పాలని పూనుకున్నారు. మండలి వేసిన గ్రంథమాలలో మొదట వెలువడింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఇది 1907 నాటి మాట. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర అదే మాలలో ఆ తర్వాత వచ్చింది. అంటే తెలుగువాళ్ల చరిత్ర కంటే ముందు అమెరికావాడి చరిత్ర అచ్చయింది. హరిసర్వోత్తమరావుకు అప్పటికి పాతికేళ్లు నిండలేదు. మరుసటి ఏడాదే రాజద్రోహం నేరం మీద పట్టుబడి వెల్లూరు జైలుకు పోయాడు. పరాయి ఏలుబడిలో ఉన్న జనానికి బానిసత్వాన్ని రద్దు చేసిన మనిషి కథ ఎందుకు కావలసివచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ మొదలు బాగుంది. తర్వాత నడిచిన దారి మీదే నాకు పేచీ. మన పిల్లల పుస్తకాల్లో అమెరికా చరిత్ర క్రమంగా నీతికథల మూటగా మారిపోయింది. చెక్క గుడిసెలో పుట్టి అధ్యక్షుడైన లింకన్, గొడ్డలితో చెర్రీచెట్టు నరికి తండ్రి దగ్గర నిజం ఒప్పుకున్న వాషింగ్టన్, ఇలా సాగుతుంది వరస. ఆ చెర్రీచెట్టు కథకు ఆధారమే లేదు. వాషింగ్టన్ పోయాక ఆయన జీవితచరిత్ర రాసి అమ్ముకున్న మేసన్ వీమ్స్ అనే పాస్టరు 1806లో అచ్చయిన కూర్పులో దాన్ని చేర్చాడు. నిజం చెప్పమని పిల్లలకు బోధించడానికి ఒక అబద్ధం రెండు శతాబ్దాలు పనికొచ్చింది. అదే వాషింగ్టన్ ఇంట్లో బానిసగా ఉంటూ 1796లో ఫిలడెల్ఫియా నుంచి తప్పించుకుపోయిన ఓనా జడ్జ్ అనే యువతి కథకు మాత్రం ఆధారాలు గట్టివి. ఆమెను పట్టి తెప్పించడానికి వాషింగ్టన్ చేసిన ప్రయత్నాలకు కాగితాలున్నాయి. అమెరికాలో ఇప్పుడు ఆ కథను పిల్లలకోసం పుస్తకంగా వేశారు. రసెల్ ఫ్రీడ్‌మన్ 1987లో ఫొటోలతో కూర్చిన లింకన్ జీవితచరిత్రకు మరుసటి ఏడాది, పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ పతకం వచ్చింది. ఆ పతకం ఎక్కువగా కథలకూ నవలలకూ పోయేది. జరిగినది జరిగినట్టు చెప్పినా పిల్లలు చదువుతారని ఆ పుస్తకంతో మరోసారి తేలింది. మన దగ్గర మాత్రం చెర్రీచెట్టు ఇంకా పచ్చగానే ఉంది.

మధ్యలో ఒక మంచి మలుపు రాకపోలేదు. అలెక్స్ హేలీ 1976లో రాసిన రూట్స్‌ను సహవాసి ఏడు తరాలుగా తెలుగులోకి తెస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చువేసింది. ఆఫ్రికా నుంచి మనుషుల్ని పట్టుకొచ్చి అమ్మిన సంగతి మన ఊళ్లలో ఎందరికో తెలిసింది ఆ పుస్తకంతోనే. కానీ అది నవల. హేలీ చెప్పిన వంశవృక్షాన్ని వంశచరిత్రలు పరిశోధించేవాళ్లు తప్పుబట్టారు. మరో రచయిత నవలలోని కొన్ని భాగాలు తన పుస్తకంలోకి వచ్చాయని 1978లో వ్యాజ్యం రాజీ చేసుకుంటూ హేలీయే ఒప్పుకున్నాడు. ఆ పుస్తకం గొప్పతనం దీనితో తగ్గదు. అయితే ఒక దేశం చరిత్ర మొత్తానికి పిల్లల చేతిలో ఒక నవల, నాలుగు నీతికథలు పెట్టి ఊరుకోవడం చాలదు. ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో అమెరికా సమాచారశాఖ సాయంతో వచ్చిన చవక అనువాదాలు ఒకవైపు, విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో దొరికిన సోవియట్ పుస్తకాలు మరోవైపు పిల్లలకు రెండు అమెరికాలు చూపించాయి. రెండూ ఎక్కడో దూరాన ఉన్నవే. చదివే పిల్ల ఏ ఊళ్లో కూర్చుని చదువుతోందో ఆ రెంటికీ పట్టలేదు.

నేను చెప్పదలచింది ఇది. తమిళనాడులోని డెంకణికోటలోనో హొసూరులోనో కృష్ణగిరిలోనో తెలుగు చదువుకునే పిల్లకు అమెరికా చరిత్ర తన ఊరి పొలిమేర నుంచే మొదలవుతుంది. అక్కడినుంచి చెబితేనే ఆ చరిత్ర నీతికథ కాకుండా చరిత్రగా అర్థమవుతుంది. బోస్టన్ తేయాకు సంగతే తీసుకోండి. 1773 డిసెంబరు 16 రాత్రి ఓడరేవులో 342 తేయాకు పెట్టెలు నీళ్లలో పారబోశారని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఆ తేయాకు ఎవరిది? ఈస్టిండియా కంపెనీది, అంటే మన పెద్దలు కుంపెనీ అని పిలిచినదానిదే. (అది చైనాలో పండిన ఆకు. మన దేశంలో అప్పటికి తేయాకు తోటల్లేవు. పిల్లల పుస్తకం రాసేవాళ్లు ఇక్కడ జారిపడే ప్రమాదముంది.) కుంపెనీ ఆ తేయాకును అమెరికాలో కుమ్మరించవలసిన గతి ఎందుకు పట్టింది? అప్పుల్లో మునిగి, కోటిన్నర పౌన్ల బరువుకు పైగా తేయాకు గోదాముల్లో మూలుగుతుంటే, ప్రభుత్వం దగ్గర 14 లక్షల పౌన్ల అప్పు అడుక్కున్నది కాబట్టి. ఆ కష్టాలకు కారణాలు చాలా ఉన్నాయి. బెంగాలు కరువు ఉంది, దొరల దోపిడీ ఉంది, లండన్ బ్యాంకుల పతనం ఉంది. మైసూరు ఏలిన హైదరు అలీ కూడా ఉన్నాడు. 1768 నవంబరులో హైదరు హొసూరును ముట్టడించినప్పుడు, దాన్ని విడిపించడానికి వచ్చిన కల్నల్ వుడ్ తన పెద్ద ఫిరంగులనూ సామాన్లనూ బాగలూరులో దించి ముందుకు కదిలాడు. హైదరు వెనకనుంచి బాగలూరు మీద పడి ఆ ఫిరంగులు పట్టుకుపోయాడు. కొద్ది నెలలకే మద్రాసు గుమ్మం దాకా వెళ్లి 1769లో తన షరతుల మీద సంధి రాయించుకున్నాడు. హైదరు కర్ణాటక సీమను తొక్కుతున్నాడన్న కబురు లండన్ చేరగానే అదే ఏడాది కుంపెనీ వాటాల ధర కూలింది. బాగలూరు దెబ్బ వల్లే బోస్టన్ తిరగబడిందని నేననను. అలా అనడం చెర్రీచెట్టుకు ఇంకో కొమ్మ అతికించడమే అవుతుంది. కుంపెనీ ఖాతాలో బాగలూరు కూడా ఒక పద్దు అని మాత్రం అనవచ్చు. ఆ పద్దు చూపించే పుస్తకం చదివిన పిల్ల బోస్టన్‌ను ఇక మరిచిపోదు.

రెండో లంకె ఇంతకంటే గట్టిది. 1778లో ఫ్రాన్సు అమెరికన్ల పక్షాన యుద్ధంలో దిగింది. అమెరికా వ్యవహారంగా మొదలైన ఆ పోరు మన తీరాలకు చేరింది. ఇంగ్లీషువాళ్లు అదే ఏడాది ఫ్రెంచివాళ్ల పుదుచ్చేరిని, 1779 మార్చిలో మాహేను పట్టుకున్నారు. మాహే తన రక్షణలో ఉన్నదని, తన సరుకు దిగే రేవని హైదరు ముందే హెచ్చరించి ఉన్నాడు. 1780లో ఆయన కనుమలు దిగి కర్ణాటకం మీద పడడానికి ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది. ఆ సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర బెయిలీ నడిపిన ఇంగ్లీషు దండు నాశనమైంది. ఈ వార్తలు సముద్రం దాటి అమెరికాకూ పోయాయి. 1782లో పెన్సిల్వేనియా తన రేవును కాపాడుకోవడానికి సిద్ధం చేసిన యుద్ధనౌక పేరు హైదర్ అలీ. ఆ ఏప్రిల్ 8న జాషువా బార్నీ నాయకత్వంలో ఆ ఓడ డెలావేర్ అఖాతంలో తనకంటే పెద్దదైన ఇంగ్లీషు ఓడ జనరల్ మంక్‌ను పట్టుకుంది. అమెరికా కవి ఫిలిప్ ఫ్రెనో ఆ గెలుపు మీద పద్యం కట్టాడు. కోలారు సీమ బూదికోటలో పుట్టి, ఆ ఏడాది డిసెంబరులో చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట దండులో కన్నుమూసిన మనిషి పేరు అది. బూదికోట నుంచి కృష్ణగిరి కొండ ఎంతో దూరం లేదు. ఇక ఆ యుద్ధం ముగిసిన చోటు కూడా ఇటువైపే ఉంది. ఐరోపాలో సంధి కుదిరిన కబురు అందేసరికి 1783 జూన్ నెలాఖరు అయింది. అప్పటికి కడలూరులో ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి. వార్త వచ్చాక ఫ్రెంచివాళ్లు చేతులు దించారు, హైదరు కొడుకు టిప్పు ఒంటరివాడయ్యాడు, 1784 మార్చిలో మంగళూరు సంధికి ఒప్పుకున్నాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో చివరి తుపాకులు పేలింది కడలూరులోనే అని చెప్పే చరిత్రకారులున్నారు. తమిళనాడు తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రంలో అమెరికా విప్లవం పాఠముంది. ఆ పాఠం చదివే పిల్లలకు ఈ మాట తెలిస్తే ఎంత బాగుండును!

మూడో లంకె ఒక మనిషి. 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో ఏడువేలకు పైగా సేనతో వాషింగ్టన్‌కు లొంగిపోయిన లార్డ్ కార్న్‌వాలిస్ ఆ రోజు ఒంట్లో బాగాలేదని బయటికి రాలేదు. కత్తి అప్పగించే పని తన కింది అధికారి ఓహారా మీద పెట్టాడు. అమెరికా పిల్లల పుస్తకాల్లో ఆయన కథ అక్కడితో ఆఖరు. మన పుస్తకాల్లో ఆయన 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగడంతో మొదలు. ఇద్దరూ ఒకరేనన్న సంగతి రెండు దేశాల పిల్లల్లోనూ ఎక్కువమందికి తెలియదు. టిప్పు మీద యుద్ధాన్ని స్వయంగా నడిపించడానికి వచ్చిన కార్న్‌వాలిస్ 1791 మార్చిలో బెంగళూరు తీసుకున్నాడు. మే నెలలో శ్రీరంగపట్నం దాకా వెళ్లి, ఎడ్లు చచ్చి, గింజలు అయిపోయి, పెద్ద ఫిరంగులను తానే పగలగొట్టించి వెనక్కి తిరిగాడు. అప్పుడు ఆయన చేసిన పని చూడాలి. రాజధాని మీదకు మళ్లీ ఉరకలేదు. జులైలో హొసూరు మీదకు వచ్చాడు. టిప్పు మనుషులు కోట విడిచిపెట్టి వెళ్లిపోయారు. మేజర్ గౌడీ రాయకోట కింది కోటను కొట్టి తీసుకుంటే పైకోట లొంగింది. అంచెట్టి వంటి చిన్న దుర్గాలు ఒకటొకటే చేతికొచ్చాయి. ఎందుకీ చిల్లర కోటల పని? దిగువ సీమ నుంచి బియ్యమూ ఎడ్లూ పైకి రావాలంటే ఈ కనుమలే దారి. యార్క్‌టౌన్‌లో ఆయన ఓడింది తన సేన పిరికిదై కాదు. 1781 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాదళం చెసపీక్ అఖాతం మూతిని మూసేసి, సాయమూ సరుకూ వచ్చే దారి తెంపేసింది. ఆ దెబ్బ తిన్నవాడు పదేళ్ల తర్వాత దారి తెరుచుకోకుండా శ్రీరంగపట్నం మీదకు రెండోసారి పోలేదు. యార్క్‌టౌన్ గుర్తొచ్చే అలా చేశాడని ఆయన ఎక్కడో రాసిపెట్టాడని కాదు నా మాట. వరుస చూస్తే అలా ఊహించడం న్యాయమే అంటున్నాను. ఆధారం ఎంతవరకు ఉంది, ఊహ ఎక్కడ మొదలైంది అని విడదీసి చూపించడానికి పిల్లల చరిత్ర పుస్తకంలో ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. రాయకోట కొండ ఎక్కి చూస్తే ఆ దారి ఇప్పటికీ కంటికి ఆనుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇవన్నీ యాదృచ్ఛికాలు కావా, ఒక దొర ఉద్యోగం మారినంత మాత్రాన రెండు దేశాల చరిత్రలు ఒకటవుతాయా అని. ఈ ప్రశ్న మంచిదే. యాదృచ్ఛికాలు ఉన్నాయి కూడా. నందిదుర్గం 1791 అక్టోబరు 19న కుంపెనీ చేతిలో పడింది, యార్క్‌టౌన్ లొంగుబాటుకు సరిగ్గా పదేళ్లు. ఈ రెండు తేదీలు కలవడంలో అర్థమేమీ లేదు. పిల్లలకు ఆ మాటే చెప్పాలి. మాహే సంగతి అలాంటిది కాదు. ఫ్రాన్సు యుద్ధంలో దిగకపోతే ఆ రేవు మీద దాడి లేదు, ఆ దాడి లేకపోతే హైదరు అప్పుడు ఆ రీతిగా దిగేవాడని చెప్పలేం. మైసూరు రాకెట్ల కథా అంతే. ఇనుప గొట్టంలో మందు దట్టించి వెదురుకు కట్టి వదిలిన ఆ అస్త్రాలను 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఇంగ్లండుకు పట్టుకెళ్లారు. విలియం కాంగ్రీవ్ వాటిని చూసి తన రాకెట్లు తయారు చేశాడు. 1814 సెప్టెంబరులో ఇంగ్లీషు ఓడలు బాల్టిమోరులోని మెక్‌హెన్రీ కోట మీద వేసినవి అవే. ఆ రాత్రి చూసిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ రాసిన పాటే తర్వాత అమెరికా జాతీయగీతమైంది, అందులో రాకెట్ల ప్రస్తావన ఉంది. ఏది కారణం, ఏది కాకతాళీయం అని తూచడం నేర్పేదే చరిత్ర. తూచడానికి రాళ్లు ఊళ్లోనే దొరుకుతున్నప్పుడు పరాయి ఊరికి పోవడమెందుకు?

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. ఈ లంకెలన్నీ దండులవీ దొరలవీ, మామూలు మనుషులెక్కడ అంటారు. నిజానికి కార్న్‌వాలిస్ సేనకు తిండి మోసినవాళ్లు బంజారాలు, వాళ్ల ఎడ్ల బిడారాలు లేకపోతే ఆ యుద్ధమే లేదు. కానీ అసలు జవాబు భూమిలో ఉంది. టిప్పుతో కుదిరిన 1792 సంధితో కృష్ణగిరి, ధర్మపురి ఉన్న బారామహల్ కుంపెనీకి పోయింది. హొసూరు, డెంకణికోటల బాలాఘాట్ టిప్పు దగ్గరే మిగిలి 1799లో చేతులు మారింది. ఆ ఏడేళ్లు రెండు రాజ్యాల సరిహద్దు ఈ తాలూకాల నడుమనుంచి పోయింది. సరిహద్దుకు అటువైపు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో పొలం పొలాన్నీ కొలిచి, రైతు రైతుతో పన్ను మాట్లాడే రైత్వారీ పద్ధతికి పునాది వేశారు. తర్వాత రాయలసీమ జనం మండ్రోలయ్య అని పిలుచుకున్నది ఈ మన్రోనే. సరిగ్గా అదే కాలంలో, 1785 చట్టం ప్రకారం, ఓహాయో నది అవతల అమెరికా కూడా గొలుసులు పట్టుకుని భూమి కొలుస్తోంది, ఆరుమైళ్ల చదరాలుగా. రెండు చోట్లా గొలుసు ఒకటే, ఉద్దేశం వేరు. ఇక్కడ పొలంలో ఉన్న రైతును అక్కడే నిలిపి పన్ను లాగడానికి కొలిచారు. అక్కడ ఆ నేల మీద తరతరాలుగా ఉన్న ఆదివాసులను లేపేసి కొత్తవాళ్లకు అమ్మడానికి కొలిచారు. మన పిల్లల పుస్తకాల్లో అమెరికా అడవి నరికి పొలం చేసిన కష్టజీవుల కథ వస్తుంది, ఆ అడవి ఎవరిదన్న ప్రశ్న రాదు. మెలగిరి కొండల కింద, అంచెట్టి దారిలో ఇరుళ పల్లెలను చూస్తూ పెరిగే పిల్లకు ఆ ప్రశ్న దానంతటదే రావాలి. పుస్తకం అడ్డం పడకుండా ఉంటే చాలు.

డెంకణికోట నుంచి చూస్తే మాత్రమే బాగా కనిపించే ఒక ముఖం అమెరికా చరిత్రలో ఉంది. అది భాష. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి అమెరికా వీసా కలలు కనేవాళ్లకు అది అంతగా ఆనదు. బేటరాయస్వామి గుడి చుట్టూ తెలుగూ కన్నడమూ తమిళమూ ఉర్దూ కలగలిసి వినబడే ఊరు డెంకణికోట. ఇంట్లో ఒక భాష, బడిలో ఒకటి, కాగితం మీద మరొకటి ఇక్కడ మామూలు. అమెరికాలో చెరోకీ అనే ఆదివాసి జాతికి చెందిన సెక్వోయా ఇంగ్లీషు చదవడం రానివాడు. ఏళ్లతరబడి శ్రమపడి తన భాషకు ఎనభై పైచిలుకు గుర్తులతో ఒక లిపి తయారు చేశాడు, 1821కి అది పూర్తయింది. మనకు క, కి, కు ఒక్కో గుర్తుగా కంటపడినట్టే అందులోనూ ఒక్కో అక్షరం ఒక్కో పలుకు. కొద్ది ఏళ్లలో ఆ జాతి జనం పెద్ద సంఖ్యలో చదవడం నేర్చేశారు. 1828లో చెరోకీ ఫీనిక్స్ అనే పత్రిక రెండు భాషల్లో మొదలైంది. రెండేళ్లకే ఆదివాసులను పడమటికి తరిమే చట్టం వచ్చింది. 1838లో చెరోకీలను సైనికులు ఇళ్లలోంచి లాగి నడిపించారు. ఆ తరిమివేతలో నాలుగువేలమంది దాకా చనిపోయారని అంచనా. చదువు వచ్చినా, పత్రిక ఉన్నా, సొంత రాజ్యాంగం రాసుకున్నా ఆ నేల వాళ్లకు దక్కలేదు. తర్వాత 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ బడి పెట్టి ఆదివాసి పిల్లలను తల్లిదండ్రులకు దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత మాట నోట రాకుండా చేశారు. ఇక మన వైపు చూస్తే, తమిళనాడు 2006లో చేసిన చట్టంతో తమిళం అందరికీ తప్పనిసరి అయింది. తమ భాషలో పరీక్ష రాయడానికి తెలుగు, కన్నడ, ఉర్దూ పిల్లల తరఫున పెద్దలు కోర్టు మెట్లెక్కవలసివచ్చింది. ఈ రెండింటినీ ఒక గాటన కట్టడం అన్యాయం. కార్లైల్‌లో జరిగింది ఒక జాతిని తుడిచే పని. ఇక్కడిది రాజ్యభాషకూ అల్పసంఖ్యాకుల భాషకూ నడుమ తగాదా, దానికి కోర్టుంది, ఓటుంది. అయినా ఈ ఊరి తెలుగు పిల్ల కార్లైల్ కథ చదివితే అందులో తనకు తెలిసిన బాధేదో చిన్నపాటిగానైనా పోల్చుకుంటుంది. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుంది, ఎక్కడ తెగుతుంది అని ఆలోచించడం మొదలుపెడితే ఆ పిల్ల చరిత్ర చదువుతున్నట్టే లెక్క.

సొంత ఊరి చరిత్రే రాని పిల్లకు అమెరికా ఎందుకని అడిగేవాళ్లుంటారు. ఊరి చరిత్ర పూర్తయ్యాక మిగతాది అన్న పద్ధతి వినడానికి సబబుగానే ఉంటుంది, ఆచరణలో రెండూ చెడతాయి. ఊరి చరిత్ర అనగానే మనవాళ్లు స్థలపురాణం దగ్గర ఆగిపోతారు. హైదరు 1780లో కనుమలు ఎందుకు దిగాడో చెప్పాలంటే మాహే రావాలి, మాహే రావాలంటే ఫ్రాన్సు, ఫ్రాన్సు రావాలంటే అమెరికా. హొసూరు దగ్గరి తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ ముసలితనంలో, 1962లో, అణుపరీక్షలు ఆపమని చెప్పడానికి వాషింగ్టన్ వెళ్లి కెనెడీతో మాట్లాడిన సంగతి ఊరి చరిత్రా, అమెరికా చరిత్రా? ఫోనులో ఇంగ్లీషు పుస్తకాలు కావలసినన్ని ఉండగా తెలుగులో ఎందుకన్నది ఇంకో మాట. ఆ పుస్తకాల్లో మంచివి చాలా ఉన్నాయి, ఫ్రీడ్‌మన్‌వి చేతికందితే చదివించాల్సిందే. అవి ఓహాయో పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినవి. వాటిలో కార్న్‌వాలిస్ యార్క్‌టౌన్‌తో మాయమవుతాడు. వాటిని తెలుగు చేసినా మాయమయ్యే ఉంటాడు. అనువాదం ఈ లోటు తీర్చదు. తెలుగు చదివేవాళ్లు ఇక్కడ తగ్గిపోతున్నారు, ఎవరు కొంటారు అన్నదానికి మాత్రం నా దగ్గర హుషారైన జవాబు లేదు. అయితే 1907లో విజ్ఞాన చంద్రికా మండలి లింకన్ చరిత్ర వేసిననాటికి తెలుగునాట చదువుకున్నవాళ్లు ఇప్పటికంటే ఎంతో తక్కువ. సంతలో కొనేవాడు కనబడ్డాకే విత్తు వేస్తానంటే ఏ పంటా రాదు.

సామగ్రికి కరువు లేదు. రీడ్, మన్రోల నాటి బారామహల్ రికార్డులను మద్రాసు ప్రభుత్వం గత శతాబ్దపు మొదటి దశాబ్దాల్లోనే అచ్చువేసింది. 1883లో లె ఫాను కూర్చిన సేలం జిల్లా మాన్యువల్, 1918లో రిచర్డ్స్ రాసిన గెజిటీరు ఉన్నాయి. మైసూరు యుద్ధాలను విల్క్స్ మూడు సంపుటాల్లో చెప్పాడు. ఇవన్నీ దొరలు రాసినవి, దొరల లెక్కలు. చదివేటప్పుడు ఆ జాగ్రత్త ఉండాలి. అమెరికా వైపు కాగితాలు ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. హొసూరు, డెంకణికోట, కృష్ణగిరి తెలుగు రచయితలు ఇరవై ఏళ్లుగా ఈ సీమ పలుకుబడిలో మంచి కథలు రాస్తున్నారు. కథల్లో చూపిన ఆ నేర్పు చరిత్రకూ కొంచెం ఇవ్వండి. పెద్ద గ్రంథం అక్కర్లేదు, ఏడో తరగతి పిల్ల రెండు సాయంత్రాల్లో చదివేంత పుస్తకం చాలు. అందులో బాగలూరు, హొసూరు, రాయకోట, బోస్టన్, యార్క్‌టౌన్ ఒకే పటంలో ఉండాలి, ప్రతి మాటకూ ఆధారం ఉండాలి, చెర్రీచెట్టు ఉండకూడదు. తెలుగు అయ్యవార్లూ, ప్రచురణకర్తలూ, ఈ పని మీరు తలపెట్టండి.